చాటు లేని ఇల్లు

ఆ ఊళ్లో ఎవరైనా గదిలోకి అడుగుపెట్టే ముందు గొంతు సవరించుకుని ఖళ్లుమని దగ్గితే, పాపం ఊపిరితిత్తుల జబ్బేమోనని జాలిపడనక్కర్లేదు. ఆ మనిషి బావగారు కట్టిన ఇంట్లో ఉంటున్నాడని అర్థం. బావగారి ఇళ్లలో వీధి తలుపొకటి, స్నానాలగది తలుపొకటి, అంతే. లోపల ఇంక ఏ గదికీ తలుపుండదు. తలుపు లేనిచోట తట్టేదేముంది? అందుకని దగ్గుతారు. లోపలివాళ్లు బట్ట సర్దుకోవాలన్నా, కళ్లు తుడుచుకోవాలన్నా, మొగుడూ పెళ్లాలు పోట్లాట ఆపి మొహాలు మామూలుగా పెట్టుకోవాలన్నా, ఆ దగ్గుకీ మనిషి కనపడటానికీ మధ్య ఎంత సందుంటే అంతే. ఆ ఇళ్లలో పిల్లలకి మాటలకంటే ముందు దగ్గొస్తుంది.

ఊరికి ఆయన పేరుమోసిన ఆర్కిటెక్టు. బావగారన్నది తెర సిస్టర్ పిలుపు. ఆమెకి ఆయన మొగుడి అన్నగారు. ఇక తెర సిస్టర్ అన్నది ఆమెకి ఆసుపత్రిలో పెట్టిన పేరు. వార్డులో ఏ మంచం దగ్గరికి వెళ్లినా ముందు తెర లాగి గాని రోగి మీద చెయ్యి వెయ్యదు. సూది పొడవాలన్నా తెర, కట్టు విప్పాలన్నా తెర, ఊరికే "ఎలా ఉంది పెద్దాయనా?" అని అడగాలన్నా తెరే. "మాట్లాడటానికి కూడా ఎందుకమ్మా, కడ్డీ అరిగిపోతుంది" అని తోటివాళ్లు ఏడిపిస్తే, "అరిగితే అరగనీ. మా ఇంట్లో అరగడానికి కడ్డీ కూడా లేదు" అనేది.

ఆ ఇల్లు బావగారు కట్టిన మొదటి ఇల్లు. తమ్ముడి పెళ్లికి కానుకగా కట్టిచ్చాడు. దానమిచ్చిన ఆవుకి పళ్లు పట్టి చూడకూడదంటారు గనక కొత్త పెళ్లికూతురు నోరెత్తలేదు. పైగా చూడటానికి ఆ ఇల్లు ఎంత బాగుండేదనీ! వాకిలి పొట్టిది, తల వంచుకుని రావాలి. వంచిన తల ఎత్తేసరికి కప్పు ఎక్కడో పైన ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు సరిగ్గా అక్కడే "అబ్బ!" అంటారు. ఆ "అబ్బ" కోసమే బావగారు ప్రతి ఇంటికీ పొట్టి వాకిలి పెట్టాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చే తెర సిస్టర్ కూడా అక్కడే "అబ్బా" అంటుంది గాని, అది నడుం కోసం. వాకిలి దాటగానే హాల్లోకి రెండు మెట్లు దిగాలి. హాలు మధ్యలో ఒక పెద్ద ఇటుక గోడ, దాని చుట్టూ తక్కిన ఇల్లంతా తిరుగుతుంది. కిటికీ పొడుగునా కూర్చోవడానికి అరుగు. ఇక లోపలి గోడలు ఏవీ కప్పుదాకా పోవు. తలకి కాస్త పైన ఆగిపోతాయి, అక్కడ జానెడు సందు, ఆపైన కప్పుదాకా అద్దం పట్టీ. గోడలకి చెవులుంటాయని మిగతా లోకం భయపడుతుంది. ఆ ఇంట్లో గోడలకి మొహమాటం కూడా లేదు. ఈ మూల నిట్టూరిస్తే ఆ మూల "ఏమైంది?" అంటారు.

ఆ తర్వాత ఆయన ఎన్ని ఇళ్లు కట్టినా అవే. ధనవంతుడిదైనా మాస్టారిదైనా అదే పొట్టి వాకిలి, అవే రెండు మెట్లు, అదే ఇటుక గోడ, అవే ఆగిపోయిన గోడలు. పేరంటానికని ఎవరింటికైనా వెళితే, అడక్కుండానే మంచినీళ్ల కుండ దగ్గరికి నడిచిపోవచ్చు. ఒకసారి తెర సిస్టర్ నవ్వుతూ అనేసింది కూడా.

"ఏ ఇంటికెళ్లినా మా ఇంటికొచ్చినట్టే ఉంది బావగారూ. కొత్తది కట్టరా?"

"మంచి మాట ఒక్కటి దొరికితే జన్మంతా దాన్నే చెప్పుకోవచ్చమ్మాయ్."

"ఒకే మాట పదిసార్లంటే మా ఆసుపత్రిలో దానికి వేరే పేరుంది."

ఆయన పగలబడి నవ్వాడు. మంచి మనిషి. ఆమెకి జ్వరమొస్తే గంజి కాచి తెచ్చిచ్చినవాడు, ఆమె కూతురికి చెప్పులు కరిస్తే తన చేత్తో మెత్తని తోలు కుట్టినవాడు. చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేదో! హాయిగా తిట్టుకునేది. మంచివాళ్లతో వచ్చిన తంటా అదే, కోపం తెచ్చుకుంటే మనకే సిగ్గేస్తుంది.

ఆమెకి కావలసింది నిద్ర. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అడగలేదు. ఆమెది ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. మొగుడు కరెంటాఫీసులో మీటర్లు చూసే ఉద్యోగి, పగలంతా వీధులు తిరుగుతాడు. పిల్ల చిన్నదిగా ఉన్నప్పుడు రాత్రి తండ్రి, పగలు తల్లి అని సర్దుకున్నారు. ఆ సర్దుబాటే అలవాటై, పిల్ల పెళ్లయి వెళ్లినా మారలేదు. పొద్దున్నే వచ్చి, నాలుగు మెతుకులు తిని, ఇటుక గోడ వెనకున్న పడకమూలలో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. అప్పుడే ఊరు లేస్తుంది. పాలవాడి కేక, పక్కింటి కుక్క, మొగుడు వెతుక్కునే తాళాలు, అన్నీ ఆ అద్దం పట్టీ కింది సందులోంచి దిగి నేరుగా ఆమె చెవిలోకొస్తాయి. వాటికైనా అలవాటు పడొచ్చు. చూడ్డానికొచ్చేవాళ్లకి ఎలా అలవాటు పడతారు? మొదటి ఇల్లు గదా! కాలేజీ పిల్లలొస్తారు, పై ఊళ్ల ఆర్కిటెక్టులొస్తారు, ఫోటోలు తీసేవాళ్లొస్తారు. బావగారి దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. రెండుసార్లు దగ్గుతాడు, పదిమందిని వెంటేసుకుని లోపలికొస్తాడు.

ఒకసారి ఒక పిల్ల పడకమూలలోకి తొంగిచూసి, "సార్, కొలత తెలియడానికి బొమ్మని కూడా పడుకోబెట్టారు చూడండి" అంది.

బొమ్మ కళ్లు తెరిచింది. "బొమ్మ కాదమ్మా. డ్యూటీ దిగొచ్చాను."

ఆ పిల్ల కెవ్వుమంది. అందరూ నవ్వారు, తెర సిస్టర్ కూడా నవ్వింది. నవ్వి, అటు తిరిగి, దుప్పటి మొహం మీదికి లాక్కుంది. తల్లి చాటు పిల్లగా పెరిగి, మొగుడి చాటు పెళ్లాంగా ఆ ఇంటికొచ్చింది. తీరా వస్తే అక్కడ మొగుడికే చాటు లేదు.

అడగలేదా అంటే, అడిగింది. ముందు మొగుణ్ణి. ఆయన ఆకాశం విరిగి మీద పడ్డట్టు చూశాడు. "తలుపా? అన్నయ్య బాధపడతాడే!" తర్వాత బావగారినే. ఆయన నిజంగానే అర్థం కానట్టు, "తలుపు దేనికమ్మాయ్? ఎవరికి దాక్కోవాలి? మనమేగా ఉన్నాం" అన్నాడు. పెళ్లి చేసుకోని మనిషికి తలుపు విలువ చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఇక లాభం లేదని ఒకనాడు తాడు కట్టి దుప్పటి వేలాడదీసింది. ఆ మర్నాడు ఆయన ఎవరినో తీసుకొచ్చి, దుప్పటి తీసి, నాలుగు మూలలూ కలిపి ఎంతో పొందికగా మడతపెట్టి, అరుగు మీద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. పైగా చేత్తో రెండుసార్లు నిమిరాడు. తిట్టినా బాగుండేది.

ఇంకోసారి ఎవరికీ చెప్పకుండా వడ్రంగిని పిలిచింది. అతను గోడ చివర చూశాడు, పైన అద్దం చూశాడు, గడ్డం గోక్కున్నాడు. "ద్వారబంధం దేనికి బిగించనమ్మా? పైన పట్టు లేదు, పక్కన గోడ పలచన. ఈ ఇంటికి తలుపు పెట్టడమంటే చేపకి చెప్పులు కుట్టడమే" అని టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆమె మొగుడి మీద విరుచుకుపడింది. "మీ అన్నయ్యకి తలుపులంటే ఏం పగ? ఏ తలుపు ఏం చేసిందాయన్ని?"

మొగుడు గోళ్లు చూసుకున్నాడు. అప్పుడు చెప్పాడు. వాళ్లిద్దరూ పిల్లలుగా ఉన్నప్పుడు తల్లికి అంటుజబ్బు చేసింది. లోపలి గదిలో పెట్టి బయట గడియ పెట్టారు. పిల్లల్ని దగ్గరికి పోనివ్వలేదు. తమ్ముడు మరీ పసివాడు, అతనికేమీ గుర్తులేదు. అన్న మాత్రం తలుపుకి ఆనుకుని కూర్చుని తల్లితో కబుర్లు చెప్పేవాడు. లోపల్నుంచి ఆమె ఊఁ కొట్టేది. ఒకరోజు ఊఁ కొట్టడం ఆగిపోయింది. తలుపు తియ్యమని పెద్దవాళ్ల కాళ్లు పట్టుకున్నాడు. పడుకుందిలే, గోల చెయ్యకు అన్నారు. ఎప్పటికో తీశారు.

ఈ కథ విన్నాక తెర సిస్టర్‌కి ఇంక నోరు రాలేదు. ఏమని అడుగుతుంది? ఆయన కట్టిన ఇళ్లన్నీ ఒకటే ఎందుకో కాలేజీ పిల్లలకి తెలియకపోయినా ఆమెకి తెలిసింది. తెలిసి ఏం లాభం? జాలి జాలే, నిద్ర నిద్రే. జాలి కప్పుకుని పడుకుంటే నిద్ర పట్టదు. ఏళ్లు అలాగే నడిచాయి. కళ్ల కింద నలుపు మొహంలో భాగమైపోయింది. బస్సులో కూర్చున్నచోటే కునుకు తీసేది. కండక్టరే ఆమె స్టాపొస్తే లేపేవాడు. కూతురు పుట్టింటికొచ్చినప్పుడల్లా, "నా దగ్గరికొచ్చి ఒక్క వారం పడుకోవే అమ్మా, మా ఇంట్లో తలుపులున్నాయి" అనేది. తను అత్తారింట్లో తలుపున్న గదుల ముందు కూడా దగ్గుతానని, అందరూ మిరియాల కషాయం పట్టిస్తున్నారని చెప్పి నవ్వించేది.

అప్పుడు బావగారు మంచాన పడ్డాడు. గుండె నీరసించింది, కాళ్లు వాచాయి, రెండడుగులు వేస్తే ఆయాసం. ఒంటరి మనిషి, ఎక్కడికి పోతాడు? తమ్ముడి ఇంటికే తెచ్చారు. హాల్లో కిటికీ పక్కన మంచం వేశారు. "పడకమూలలో పడుకోండి, నేను హాల్లో సర్దుకుంటాను" అని తెర సిస్టర్ అంటే, "అందరూ కనపడాలమ్మాయ్" అన్నాడు. ఆమె రాత్రి ఆసుపత్రిలో రోగుల్ని చూస్తుంది, పగలు ఇంట్లో ఆయన్ని చూస్తుంది. తుడవడం, తినిపించడం, మందులివ్వడం, దిండు ఎత్తు పెంచడం. కాస్త కన్ను మూసేసరికి హాల్లో ఆయాసం వినపడుతుంది. నర్సు చెవి గదా, అది పడుకోదు. మిగతా ఒళ్లు మాత్రం కూలిపోతోంది.

కూలనే కూలింది. ఒక రాత్రి వార్డులో ఒక మంచానికివ్వాల్సిన ఇంజక్షను ఇంకో మంచానికి పట్టుకెళ్లింది. తెర లాగింది, చెయ్యి తుడిచింది, సూది ఆనించబోతోంది. వెనకనించి పెద్ద సిస్టర్ గభాలున చెయ్యి పట్టుకుంది. బయటికి తీసుకెళ్లి, "ఎన్నేళ్లుగా చూస్తున్నాను నిన్ను. ఇది నువ్వేనా?" అంది. తెర సిస్టర్ గోడకి చేరబడి, "నిద్ర లేదమ్మా" అంది. "అయితే పడుకుని రా. లేదా రావద్దు. మనిషి ప్రాణం పోయేది ఇప్పుడు" అని పెద్ద సిస్టర్ వెళ్లిపోయింది. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. తెర సిస్టర్ బస్సులో కూడా నిద్రపోలేదు ఆ పూట. తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది.

ఆ వారంలోనే కాలేజీ పిల్లలొచ్చారు. ఎప్పుడో ఖాయమైన రాక, వద్దని కబురు చెయ్యడం మొగుడు మర్చిపోయాడు. వాకిలి తెరిచే ఉంది. పొట్టి గుమ్మంలో ఒక్కొక్కరే తల వంచి, తల ఎత్తి, "అబ్బ!" అంటున్నారు. సరిగ్గా అప్పుడే తెర సిస్టర్ బావగారి ఒళ్లు తుడుస్తోంది. ఆయన ఒంటిమీద నూలుపోగు లేదు. దగ్గేవాళ్లు కూడా లేరు, వాళ్లకా అలవాటు ఎక్కడిది? ఆయన మొహం గోడకి తిప్పుకున్నాడు. వేళ్లతో ఆమె కొంగు పట్టుకున్నాడు.

"చాటు చెయ్యమ్మా" అన్నాడు. "చాటు చెయ్యి."

చేతికందిన దుప్పటి లాగి, రెండు చేతులూ ఎత్తి మంచానికి అడ్డంగా పట్టుకుంది. "బయటికి పొండి! పొమ్మంటుంటే!" అని ఆమె అరిచిన అరుపుకి ఇటుక గోడే ఉలిక్కిపడింది. పిల్లలు మెట్లు తట్టుకుంటూ పారిపోయారు. వాళ్లు పోయాక కూడా ఆమె చేతులు దించలేదు. దుప్పటి వెనకనించి ఆయన పిలిచాడు.

"అమ్మాయ్."

"చెప్పండి."

"వాళ్లు ఇలాగే వచ్చేవాళ్లు గదా. నువ్వు ఆ మూల పడుకుని ఉండేదానివి."

"అవును."

"ఎలా పట్టేదమ్మా నీకు నిద్ర?"

ఎన్నో ఏళ్లుగా నమిలి మింగిన జవాబు. ఇప్పుడు చెప్పాలంటే కోపం కూడా మిగల్లేదు, అలసట ఒక్కటే ఉంది. "పట్టేది కాదు బావగారూ. నేను నిద్రపోయిందెప్పుడు?"

ఆయన సాయంత్రం తమ్ముడు రాగానే వడ్రంగిని పిలవమన్నాడు.

పాత వడ్రంగే వచ్చాడు. చేపకి చెప్పుల మాట మళ్లీ ఎత్తబోతే బావగారు చెయ్యెత్తి ఆపాడు. మంచం మీంచే చెప్పాడు, ఆయాసపడుతూ, ఆగి ఆగి. గోడని నమ్ముకోవద్దు. నేలనించి కప్పుదాకా రెండు కొయ్య గుంజలు నిలబెట్టు. ద్వారబంధం వాటికే బిగించు. పైన అద్దం పట్టీకి లోపల్నించి చెక్కలు కొట్టు, సందు మిగలకూడదు. తమ్ముడు నోరు తెరుచుకుని వింటున్నాడు. అన్నయ్య కట్టినదాన్ని అన్నయ్యే మూయిస్తున్నాడు.

"గడియ ఎటువైపు పెట్టమంటారు?" అన్నాడు వడ్రంగి.

బావగారు కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవకపోతే తెర సిస్టరే అంది: "లోపల."

"ఆఁ" అన్నాడాయన, కళ్లు తెరవకుండానే. "బయట పెట్టకు. లోపలే."

రంపం ఆడినన్నాళ్లూ ఆయన సరిగ్గా తినలేదు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా మొహం ముడుచుకునేవాడు. "ఆపించెయ్యనా బావగారూ? నాకేం, ఇన్నాళ్లూ గడవలేదూ?" అని ఆమె అడిగితే తల అడ్డంగా ఊపేవాడు.

తలుపు నిలబడ్డ మర్నాడు పొద్దున్నే ఆమె డ్యూటీ దిగొచ్చింది. బావగారి ఒళ్లు తుడిచింది, రెండు చెంచాల గంజి తాగించింది. ఊపిరి కాస్త పైపైనే ఆడుతోందనిపించింది. మొగుడు ఆ రోజు సెలవు పెట్టాడు.

"దిండ్లు దించకండి. ఆయాసం ఎక్కువైతే ఆ క్షణంలోనే నన్ను లేపాలి. విన్నారా? ఆ క్షణంలోనే."

"విన్నానే. వెళ్లి పడుకో."

"వెళ్లమ్మా" అన్నాడు బావగారు. "తలుపేసుకో."

వేసుకుంది. గడియ పెడుతుంటే చేతికి కొత్త కొయ్య వాసన అంటింది. మంచం మీద కూర్చుని కాసేపు ఊరికే విన్నది. పాలవాడు లేడు, కుక్క లేదు, తాళాలు లేవు. తన ఊపిరి తనకే వినపడుతోంది. ఇంతేనా, ఇంత చిన్నదేనా ఇన్నేళ్లూ అడిగింది అనుకుంటే ఏడుపొచ్చింది, ఆ ఏడుపు పూర్తికాకముందే నిద్రపట్టేసింది. పడుకున్నది పడుకున్నట్టే, పక్కకి కూడా తిరగలేదు.

మెలకువ వచ్చేసరికి గది చీకటిగా ఉంది. ఎక్కడున్నదో ఆమెకి తెలియలేదు. ఒళ్లు దూదిలా ఉంది. చిన్నపిల్లప్పుడు తప్ప అలా ఎప్పుడూ లేదు. హమ్మయ్య అనుకుంటూ గడియ తీసింది. హాల్లో సాయంత్రపు ఎండ వాలి ఉంది. మొగుడు కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మొహం చూడగానే ఆమె పరుగెత్తింది.

చెయ్యి పట్టుకు చూసింది. నర్సుకి ఇంకేం చూడాలి? చల్లబడి చాలాసేపయింది.

"లేపమన్నానా లేదా? ఆ క్షణంలోనే అన్నానా లేదా?" మొగుడి చొక్కా పట్టుకుని ఊపేసింది. "ఇంట్లో నర్సుని పెట్టుకుని! గోడ అవతలే ఉన్నాను గదా! ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లం, ఇంకో నాలుగు రోజులు..."

"లేచానే. నీ తలుపు దాకా వచ్చాను." ఆయన మంచంకేసి చూశాడు. "అన్నయ్య పిలిచాడు. వెనక్కొచ్చాను. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. 'అమ్మాయి పడుకుందిరా. ఆ తలుపు కొట్టకు' అన్నాడు."

"మీరు విన్నారు!"

"నేనెప్పుడు వినలేదు?" అని ఆయన చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

ఆమె చొక్కా వదిలేసింది. బావగారి కళ్లు మూసింది, కాళ్లు చాపింది, జుట్టు సర్దింది, శుభ్రమైన దుప్పటి తెచ్చి గడ్డం దాకా కప్పింది. ఇంకాసేపట్లో ఊరు ఊరంతా ఆ పొట్టి వాకిట్లోంచి తల వంచుకుని వస్తుంది. ఆయన ఇళ్లలో ఉండేవాళ్లందరూ వస్తారు. అది తలుచుకుని ఆమె లేచి, తన గదిలోకి వెళ్లి, తలుపేసుకుని గడియ పెట్టుకుంది. ఆ ఇంట్లో కాపురానికొచ్చాక మొదటిసారి నోరు విడిచి ఏడ్చింది, బావగారూ అని పిలుస్తూ. బయట మొగుడు వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. కొట్టలేదు.